పదకొండో అంగీ

తెనాలిలో ఆ వీధి వాళ్ళని ఎవర్నడిగినా ఇప్పుడు ఒకటే చెబుతున్నారు. టైలరు ఖాజా మొహిద్దీన్ సినిమావాళ్ళ దగ్గర డబ్బు తీసుకుని, వీధిలోని పదకొండు మంది పెద్దమనుషుల పేర్లు అమ్ముకున్నాడట. పాల పాకెట్ల దగ్గర పుట్టిన ఆ మాట మంచినీళ్ళ ప్లాంటు దగ్గరికి చేరేసరికి కాళ్ళూ చేతులూ మొలిపించుకుంది. చెప్పేవాళ్ళు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని మరీ చెబుతారు, తాము పక్కనే నిలబడి చూసినట్టు. ఆ మాట అబద్ధం. మొహిద్దీన్ ఎవరి పేరూ అమ్ముకోలేదు. ఏం జరిగిందో మొదట్నించీ చెప్పుకుంటే గానీ ఎవరి తప్పు ఎంతో తేలదు. అయితే చెప్పుకోవడానికి వీధిలో ఎవరికీ తీరిక లేదు, తిట్టడానికి మాత్రం కావలసినంత ఉంది.

మొహిద్దీన్ పుట్టింది రేపల్లెలో. తండ్రి ఒక బట్టలకొట్టు అరుగు మీద మిషను పెట్టుకుని చొక్కాలు కుట్టేవాడు. తండ్రి పోయాక మొహిద్దీన్ తెనాలి వచ్చి, కొన్నాళ్ళు వేరే టైలరు దగ్గర చేసి, యలమంద గారు రోడ్డు వైపు నాలుగు గదులు వేయిస్తే చివరి గదిలో సొంత మిషను దించాడు. అది జరిగి ముప్పై ఒక్క ఏళ్ళు. ఆయన భార్య అబీదా అదే గదిలో ఇంకో మిషను మీద చీరలకి ఫాల్ కుడుతుంది, పీకో చేస్తుంది. ఇద్దరి అన్నమూ ఆ గదిలోంచే రావాలి.

మనిషి మాట్లాడడు. నోట్లో గుండుసూదులు పెట్టుకుని పనిచేసీ చేసీ, సూదులు తీసేశాక కూడా పెదవులు అలాగే ఉండిపోయాయని అబీదా అంటుంది. ఇంకో సంగతి కూడా ఉంది. ఏ టైలరైనా 'రేపు రండి' అనకుండా రోజు గడపలేడు కదా, మొహిద్దీన్ మాత్రం ఆ మాట అనడు. కుదరకపోతే 'కుదరదండి, పండగకి అవదు' అని మొహం మీదే చెప్పేస్తాడు. అలా వెళ్ళిపోయిన బేరాలు ఎన్నో. ఉన్నది ఉన్నట్టు చెప్పి కూడా ముప్పై ఏళ్ళు ఒకే గదిలో నిలబడ్డాడంటే కుట్టు అంత బాగుంటుందన్నమాట.

ఆయనకి ఒక అలవాటు. చొక్కా కాలరు గట్టిగా నిలబడటానికి లోపల తెల్ల కాన్వాసు ముక్క పెడతారు. ఆ ముక్క మీద, ఉతికినా పోని సిరాతో, బియ్యపుగింజంత అక్షరాల్లో ఆ చొక్కా ఎవరిదో రాస్తాడు. పైన గుడ్డ వేసి కుట్టేస్తే ఇక అది ఎవరి కంటా పడదు. ఒక పేరున్నవాళ్ళు ఇద్దరు ముగ్గురుంటారు కాబట్టి పేరు ముందు ఒక గుర్తు కూడా పెడతాడు. బియ్యం కొట్టు ఆయన బియ్యం శివరామయ్య. పోస్టాఫీసులో చేసి రిటైరైన ఆయన పోస్టు యేసుదాసు. గదుల ఆసామి యలమంద గారి తండ్రికి పూర్వం పాడి ఉండేది, అందుకని ఆయన గేదెల యలమంద. ఇప్పుడు యలమంద గారికి పాతికెకరాలూ, రెండు ఇళ్ళూ, వీధి కమిటీ అధ్యక్ష పదవీ ఉన్నాయి. తన మెడ వెనక ఇంకా గేదెలు మేస్తున్న సంగతి ఆయనకి తెలియదు.

రెడీమేడ్ కొట్లు వచ్చాక చొక్కాల పని పలచబడింది. అలాంటప్పుడు, ఏడాదిన్నర కిందట, రేపల్లె నుంచి జాన్ బాబు వచ్చాడు. నాటకాల వాళ్ళకీ సినిమావాళ్ళకీ దుస్తులు సమకూర్చే మనిషి అతను. బాపట్లలో ఒక పాత హాస్టలు మేడలో సినిమా తీస్తున్నారని, తలముసుగు ఉన్న నల్ల అంగీలు కావాలని అడిగాడు. కథ ఏంటంటే, ఒక యూనివర్సిటీలో ఎవరికీ తెలియని సంఘం ఒకటి ఉంటుంది. అందులో వాళ్ళు ముసుగులు వేసుకుని లైబ్రరీ కింద నేలమాళిగలో కూడతారు, ఎవరు చదవాలో ఎవరు చావాలో అక్కడే తీర్మానిస్తారు. ఎదురు మాట్లాడిన పిల్లలు మాయమైపోతుంటారు. పొద్దున మాత్రం అందరూ మంచి చొక్కాలు వేసుకుని ఒకరికొకరు నమస్కారాలు పెట్టుకుంటారు. మొహిద్దీన్ అంతా విని 'అయిదు రోజులు' అన్నాడు. చెప్పినట్టే అయిదో రోజు మూట కట్టి ఇచ్చాడు.

సినిమా ఈ వేసవిలో విడుదలైంది. తమ టైలరు కుట్టిన బట్టలు తెర మీద కనిపిస్తాయని వీధి వీధంతా హాలుకి కదిలింది. మొహిద్దీన్ రానన్నాడు. అబీదా మాత్రం మంచి చీర కట్టుకుని వెళ్ళింది. యలమంద గారి భార్య సుశీల పిలిచి తన పక్క సీట్లో కూర్చోబెట్టుకుంది.

"మీ ఆయన పేరు వేస్తారా అబీదా?" అంది సుశీల, జంతికల కవరు చాపుతూ.

"ఎక్కడ వేస్తారక్కా! కుట్టేవాళ్ళ పేర్లు ఎవరికి కావాలి!"

ఇంటర్వెల్ అయ్యాక హీరో టార్చిలైటు పట్టుకుని నేలమాళిగలోకి దిగాడు. గోడ పొడుగునా కొక్కేలు, కొక్కేలకి నల్ల అంగీలు. ముసుగుల లోపలి వైపు బయటికి తిప్పి తగిలించారు. ప్రతి ముసుగు మెడ దగ్గరా ఒక తెల్ల కాన్వాసు ముక్క కుట్టి ఉంది. టార్చి మొదటి ముక్క మీద ఆగింది. తెర నిండా, గుండ్రని తెలుగు అక్షరాల్లో, 'గేదెల యలమంద'.

టార్చి కదిలింది. 'బియ్యం శివరామయ్య'. ఎవరో ఈల వేశారు. 'పోస్టు యేసుదాసు'. అంతే, పైకప్పు లేచిపోయింది. సినిమా హాల్లో పూలు చల్లడం చూశాం గానీ, చెప్పులు చేత్తో పట్టుకుని సీట్ల మీద ఎక్కి గంతులు వెయ్యడం ఆ రోజే చూశామన్నారు జనం. టార్చి తాపీగా పదకొండు పేర్లూ చదివించింది. సంగీతం భయపెడుతోంది, జనం పొట్టలు పట్టుకుంటున్నారు. సుశీల చేతిలో జంతిక అలాగే ఉండిపోయింది. ఆమె అబీదా వైపు తిరగలేదు. లేచి, చీర కుచ్చిళ్ళు దగ్గరికి లాక్కుని, అబీదా మోకాళ్ళు తగలకుండా పక్కగా వెళ్ళిపోయింది.

తెల్లారేసరికి ఆ సీను ప్రతి ఫోన్లోనూ ఉంది. టీకొట్టు దగ్గర కుర్రాళ్ళు యలమంద గారిని చూసి లేచి నిలబడి, "సంఘం అధ్యక్షులవారికి నమస్కారమండి, ఈ వారం ఎవర్ని మాయం చేద్దామండి?" అన్నారు. బాపట్లలో చదువుతున్న ఆయన మనవరాలు శ్రీజకి క్లాసులో గేదె బొమ్మలు పంపారు. శివరామయ్య కొట్టు తలుపు మీద ఎవరో సుద్దతో ముసుగు గీశారు.

పది గంటలకి యలమంద గారు గది ముందుకొచ్చారు. వెనక శివరామయ్య, యేసుదాసు, ఇంకో నలుగురు.

"ఏమయ్యా సాయిబూ! ముప్పై ఏళ్ళు నా గదిలో కూర్చుని నా మెడకే గేదెల్ని కట్టావా?"

మొహిద్దీన్ మిషను ఆపాడు. నోట్లో సూదులున్నాయి. తియ్యలేదు.

"సినిమావాళ్ళు ఎంతిచ్చారు? చెప్పు, అంతా వింటారు."

అబీదా లేచి నిలబడింది. "అదేం లేదండి బావగారూ. పేరు రాయడం ఆయన అలవాటండి. ఎవరి కొలత తీసుకుంటే వాళ్ళ పేరు రాసేస్తారు. చెయ్యి అలా పోతుందంతే."

"నువ్వుండమ్మా! నీ పీకో నువ్వు చేసుకో." ఆయన గుమ్మంలోంచి లోపలికి వచ్చి, ఇస్త్రీ చేసి తగిలించిన చొక్కాల్ని చేత్తో కిందకి తోసేశారు. "ఆదివారం దాకా టైమిస్తున్నా. పొరపాటైందని నలుగురిలో చెప్పి చెంపలేసుకుంటావో, మిషను ఎత్తుకుని పోతావో నీ ఇష్టం. సోమవారం ఈ గదికి నా తాళం పడుతుంది."

"పోలీసు కంప్లయింటు కూడా ఇద్దామండి. ఊరికే వదలకూడదు," అన్నాడు శివరామయ్య వెనక నుంచి.

వాళ్ళు వెళ్ళిపోయాక అబీదా చొక్కాలు ఏరి దులిపింది. మొహిద్దీన్ మళ్ళీ మిషను తొక్కడం మొదలుపెట్టాడు. ఎవరూ ఆయన్ని ఎందుకు రాశావని అడగలేదు. అబీదా కూడా అడగలేదు. అడగడానికేముంది, అలవాటే కదా అనుకుంది.

ఆ వారం ఎలా గడిచిందో ఆమెకే తెలియాలి. నీళ్ళ ప్లాంటు దగ్గర ఆమె క్యాను వరసలో ఉంటే చాలు, వెనకవాళ్ళు దాన్ని కాలితో పక్కకి జరిపేవాళ్ళు. ఫాల్ కుట్టమని ఇచ్చిన చీరలు కుట్టకుండానే వెనక్కి తీసుకుపోయారు. "మా చీరల మీద ఏం రాస్తావో ఏంటో తల్లీ!" అని ఒకావిడ నవ్వుతూ అంది. ఆ నవ్వు తిట్టు కన్నా ఘోరంగా ఉంది. బియ్యం కొట్లో శివరామయ్య "స్టాకు లేదమ్మా" అన్నాడు, బస్తాలకి ఆనుకుని నిలబడి.

సుశీల ఒక్కతే గుమ్మం దగ్గర ఆగి మాట్లాడింది, అదీ మొహం పక్కకి పెట్టుకుని. "అబీదా, మా ఆయన మొండివాడే గానీ మూర్ఖుడు కాదు. మీ ఆయన డబ్బు తీసుకోలేదని, అది నిజంగా పొరపాటేనని ఎవరిచేతైనా చెప్పించు. నీ నోటి మాట చాలదు."

జాన్ బాబుకి ఫోన్ చేస్తే ఎత్తడం లేదు. అతను ఇంకా బాపట్లలోనే ఉన్నాడని ఎవరో అంటే, గురువారం పొద్దున్నే అబీదా బస్సెక్కింది. ఆ హాస్టలు మేడ వెతుక్కుంటూ వెళ్ళేసరికి గేటు దగ్గర వాచ్‌మన్ జకరయ్య కుర్చీ అడ్డం వేసుకుని కూర్చున్నాడు.

"నేలమాళిగ లేదు, సొరంగం లేదు, ముసుగులోళ్ళు లేరు. వెళ్ళండి," అన్నాడు ఆమె నోరు తెరవకముందే.

"నేను దానికోసం రాలేదన్నయ్యా..."

"అందరూ ఇదే మాట. సినిమా వచ్చిందగ్గర్నించీ రోజుకి ఇరవై మంది. నిన్న ఇద్దరు గోడ దూకి, బాత్రూం కింద తవ్వారు. నా ఉద్యోగం పోయేలా ఉంది."

"ఆ ముసుగులు కుట్టింది మా ఆయన."

జకరయ్య ఆమెని కింద నుంచి పైదాకా చూశాడు. "అయితే నిన్ను అసలు రానివ్వకూడదు. పదకొండు ముసుగులు కుట్టి మా ప్రాణం తీశాడు మీ ఆయన." తిట్టాడు గానీ కావలసిన కబురు చెప్పాడు. షూటింగు సామానంతా జాన్ బాబు ఎప్పుడో రేపల్లె తీసుకుపోయాడు, తనూ అక్కడే ఉన్నాడు.

కర్లపాలెం మీదుగా రేపల్లె బస్సు దొరికింది. జాన్ బాబు ఇంట్లోనే ఉన్నాడు. తలుపు కొంచెమే తెరిచి, మనిషిని చూసి, పూర్తిగా తెరిచాడు.

"నువ్వా పిన్నీ! మీ వీధి వాళ్ళనుకున్నా. ఫోన్లో బూతులు తిడుతున్నారు నన్ను. అందుకే కట్టేశా."

"మా ఆయన డబ్బు తీసుకుని పేర్లు రాశాడంటున్నారు జాన్ బాబూ. గది ఖాళీ చెయ్యమంటున్నారు. నువ్వొక్క మాట చెప్పాలి."

"డబ్బా? ఎవరిస్తారు పిన్నీ! అసలు ఆ పేర్లు సినిమాలో పెట్టే ఉద్దేశమే లేదు. మూట విప్పగానే డైరెక్టరు వాటిని చూశాడు. సంఘంలో వాళ్ళ పేర్లు ఇలా ఇంటి చేతిరాతలో ఉంటే భయం వేస్తుందని ఎగిరి గంతేశాడు. టార్చి సీను అప్పటికప్పుడు రాసుకున్నాడు. ఇవి మీ వీధి పెద్దల పేర్లని మాకేం తెలుసు!"

అతను లోపల్నించి గోనెసంచి లాక్కొచ్చి ఒక అంగీ తీశాడు. యలమంద గారిదే. అబీదా సంచిలో ఉన్న టేపుతో భుజం కొలిచింది. పద్దెనిమిదిన్నర. యలమంద గారి భుజం పద్దెనిమిదిన్నరే. కొలతల పుస్తకం చూసి కత్తిరించాడన్నమాట, కొలతతో పాటు పేరూ పడిపోయింది. ఆమెకి ప్రాణం లేచొచ్చింది. కానీ తెల్ల ముక్క మీద చెయ్యి పెట్టగానే ఏదో తగిలినట్టయింది. బియ్యపుగింజంత రాసే మనిషి ఇక్కడ బొటనవేలంత అక్షరాలు రాశాడు.

"ఒక్కటి మాత్రం నాకిప్పటికీ అర్థం కాదు పిన్నీ," అన్నాడు జాన్ బాబు అంగీ మడుస్తూ. "నేను చెప్పింది పది అంగీలు. చిన్నవి మూడు, పెద్దవి మూడు, మధ్యవి నాలుగు అన్నా. పేర్లూ కొలతలూ నేనడగలేదు. మీ ఆయనే పదకొండు కుడతానన్నాడు. పదకొండో దానికి గుడ్డ కూడా తనే వేసుకుంటానన్నాడు, కూలీ వద్దన్నాడు."

"ఎందుకు?"

"అడిగా. లెక్క పదకొండు అన్నాడు. అంతకంటే ఒక్క మాట రాలే."

అబీదా ఆ అంగీని సంచిలో పెట్టుకుని తెనాలి బస్సెక్కింది. లెక్క పదకొండు. ఎవరి లెక్క? బస్సు వెళ్ళే కొద్దీ తెర మీది పేర్లు వేళ్ళ మీద లెక్కపెట్టుకుంది, అందరూ వీధి పెద్దలే. భట్టిప్రోలు స్టాపు రాగానే, దిగాలని ముందు అనుకోకుండానే, దిగిపోయింది.

భట్టిప్రోలులో రాఘవయ్య గారున్నారు. నాలుగేళ్ళ కిందట ఆయన తెనాలిలో అదే వీధి చివర ఉన్న రెండు గదుల ఇల్లు అమ్మి వచ్చేశారు. ఆ ఇంటిని ముందు మొహిద్దీన్‌కి ఇస్తానని మాటిచ్చారు. అబీదా వెళ్ళి, పొయ్యి ఎక్కడ పెట్టాలో, నమాజు చాప ఎక్కడ పరవాలో చూసుకుని కూడా వచ్చింది. తరవాత ఒక సాయంత్రం మొహిద్దీన్ ఇంటికొచ్చి, "ఆ ఇల్లు మనకి కాదు," అన్నాడు. వీధిలో ఒప్పుకోలేదటని చెప్పాడు. వీధి అంటే ఎవరని ఆమె అడగలేదు. ఎవరైతే ఏం, ఇల్లయితే పోయింది కదా అనుకుంది.

రాఘవయ్య గారు వాకిట్లో కుర్చీలో ఉన్నారు. ఆమెని చూడగానే తలదించుకున్నారు. అబీదా మంచినీళ్ళు కూడా అడగలేదు.

"అయ్యగారూ, ఆ రోజు ఇల్లు అమ్మొద్దని మీకెవరు చెప్పారు?"

"ఇప్పుడెందుకమ్మా అవన్నీ..."

"చెప్పండి. ఆ ఇల్లెలాగూ పోయింది, ఇప్పుడు గది కూడా పోతోంది."

ఆయన చేతికర్రతో నేల గీశారు. "కాగితం రాశారు. మాంసం వాసనొస్తుందని, రేపు ఇంకో నలుగురొస్తారని. మీవాళ్ళకి అమ్మితే నా దహనానికి కూడా ఎవరూ రారని రాశారు. కింద సంతకాలు. యలమందది మొదటిది."

"ఎన్ని?"

"పదకొండు."

అబీదా సంచిలోని అంగీ మీద చెయ్యి వేసింది.

"మీ ఆయనకి చూపించాను, నన్ను మాట తప్పినవాడనుకోకూడదని. చదివి మడిచి ఇచ్చేశాడు. ఒక్కటే అడిగాడు, అందరూ ఒకే పెన్నుతో పెట్టారాండీ అని. సిరా ఒకటే మరి. యలమంద ఇంట్లో కూర్చుని వరసగా పెట్టారు. బయటికి చెప్పొద్దని నాచేత ఒట్టు వేయించుకున్నారు. ఆడవాళ్ళకి కూడా తెలియదు."

నాలుగేళ్ళు! ఆ పదకొండు మందీ ఈ నాలుగేళ్ళూ వచ్చి చేతులు చాపి నిలబడ్డారు. మొహిద్దీన్ వాళ్ళ మెడ చుట్టూ టేపు పెట్టి కొలిచాడు, చొక్కాలు కుట్టాడు, 'అవునండి, లేదండి' అన్నాడు. అందులో నలుగురికైతే అబీదాయే స్వయంగా సేమియా పట్టుకెళ్ళి ఇచ్చింది, ప్రతి రంజానుకీ.

తెనాలిలో దిగేలోపు ఆమె రెండు నిర్ణయాలు చేసుకుంది. జాన్ బాబుకి, అతనే ఇచ్చిన తమ్ముడి నంబరు మీద ఫోన్ చేసి, ఆదివారం ఫోన్లో డబ్బు సంగతి మాత్రం చెప్పమని, పదకొండో అంగీ ఊసు ఎత్తొద్దని ఒట్టు పెట్టించుకుంది. రెండోది, మొగుణ్ణి ఏమీ అడగకూడదని. అడిగితే చెబుతాడు. ఆమె భయమంతా అదే. 'రేపు రండి' అనే అబద్ధం కూడా ఆడలేని మనిషి. ఆదివారం తనే మాట్లాడాలి, ఆయన నోరు తెరిచే పని పడకుండా గండం గట్టెక్కించాలి. ఇల్లు పోయింది, పోనీ. ఈ వయసులో గది కూడా పోతే ఏ అరుగు మీద కూర్చుంటారు ఇద్దరూ? ఎవరిస్తారు అరుగు?

ఆ సాయంత్రం అన్నం వడ్డిస్తూ, "ఆదివారం మీరేం మాట్లాడకండి," అంది.

"ఎప్పుడు మాట్లాడాను?" అన్నాడాయన.

కంచం ఆమె ఎందుకంత గట్టిగా పెట్టిందో ఆయన అడగలేదు.

ఆదివారం పది గంటలకి యలమంద గారి వసారాలో కుర్చీలు వేశారు. పదకొండు మందీ వచ్చారు, వాళ్ళ వెనక వాళ్ళ ఆడవాళ్ళు, వాళ్ళ వెనక వీధి. మొహిద్దీన్ మెడలో టేపుతోనే వచ్చి గుమ్మం పక్కన నిలబడ్డాడు. ఎవరూ కుర్చీ చూపలేదు.

అబీదా ఫోన్ స్పీకర్లో పెట్టింది. జాన్ బాబు గొంతు వసారా అంతా వినబడింది. "పైసా ఇవ్వలేదండి. పేర్లు సినిమాలో చూపిస్తారన్న సంగతే ఆ సాయిబు గారికి తెలియదండి. డైరెక్టరు సరదాపడి చూపించాడంతే."

"సరే, డబ్బు లేదు. మరి పేర్లెందుకు?" అన్నాడు యేసుదాసు.

"అక్కా, బావగారి పాత చొక్కా ఒకటి ఇప్పించండి," అంది అబీదా సుశీలతో. సుశీల తెచ్చిన చొక్కా పట్టుకుని, సంచిలోంచి బ్లేడు తీసి, అందరూ చూస్తుండగా కాలరు కుట్టు వరసగా తెంపింది. రెండు పొరలూ విడదీసి లోపలి కాన్వాసు పైకి చూపించింది. మాసిన తెలుపు మీద చీమల్లా అక్షరాలు. కళ్ళజోడు పెట్టుకుని చదివిన కుర్రాడు పక్కున నవ్వాడు.

"గేదెల యలమందే!"

"ఇది పదేళ్ళ కిందటి చొక్కా," అంది అబీదా. "మీ అందరి కాలర్లలోనూ ఉంటాయండి. కొలత ఎవరిదైతే పేరు వాళ్ళది. ఇదుగో, ఈ అంగీ భుజం బావగారి భుజమే, కొలుచుకోండి. ముసుగుకి కాలరుండదు, అందుకే బయటపడింది. పెద్దవాళ్ళు, మీరే కడుపులో పెట్టుకోవాలి."

వీధి జనం గుసగుసలాడారు. కోపం కాస్త జారింది. యలమంద గారు చొక్కా చేతిలోకి తీసుకుని చూశారు. ఆయన మొహంలో కోపం కన్నా తొందర ఎక్కువుంది.

"సరే, సరే. అలవాటు. మనిషన్నాక అలవాట్లుంటాయి. ఇంతటితో వదిలేద్దాం."

"పొరపాటే, పొరపాటే!" అన్నాడు శివరామయ్య, పోలీసు కంప్లయింటన్న మనిషి. "టీ తెప్పించండి."

"గది సంగతేంటండి?" అంది అబీదా.

"ఉండండమ్మా, ఉండండి. ఎవరు పొమ్మన్నారు?"

అబీదా బ్లేడు సంచిలో వేసుకుంది. చెంగుతో మొహం తుడుచుకుంది. కుర్చీలు కదులుతున్నాయి. అప్పుడు సుశీల ముందుకొచ్చింది. వారం రోజులుగా గేదెలావిడ అనిపించుకున్న మనిషి ఆమె. అంత తేలిగ్గా లేచి వెళ్ళిపోతున్న మొగుణ్ణి వింతగా చూసింది.

"ఆగండి. ఇదేం పంచాయితీ? అంతా ఈవిడే చెప్పింది. ఆయన్నొక్క మాటైనా అడిగారా మీరు?"

"ఇంకా ఏం అడుగుతావే? అయిపోయిందిగా!" అన్నారు యలమంద గారు.

"ఆయనకి నలుగురిలో మాట్లాడ్డం రాదక్కా," అంది అబీదా, గబుక్కున మొగుడికి అడ్డంగా వచ్చి. "మీకు తెలుసు కదా."

"రాకపోతే తలాడించమను. నా పరువు పోయింది, నా మనవరాలు కాలేజీ మానేసి ఇంట్లో కూర్చుంది. పొరపాటని నాకు ఆయన నోటితో వినాలనుంది." సుశీల అబీదా భుజం మీదుగా మొహిద్దీన్ కళ్ళలోకి చూసింది. "చెప్పండి అన్నయ్యా. పొరపాటేనా?"

అబీదా వెనక్కి తిరగలేదు. ఆయన మొహం చూడకుండానే ఆమెకి తెలిసిపోయింది.

"కాదమ్మా," అన్నాడు మొహిద్దీన్. "రాఘవయ్య గారి ఇల్లు మాకు అమ్మొద్దని ఈ పదకొండు మందీ మీ ఇంట్లోనే కూర్చుని, ఒకే పెన్నుతో సంతకాలు పెట్టారు. మీక్కూడా చెప్పలేదు. అవే పేర్లు నేను అందరికీ కనబడేలా కావాలనే రాశాను. గది ఇవాళే ఖాళీ చేస్తాం. మీ ఆయన కొత్త చొక్కా ఒకటి నా దగ్గరుంది, బొత్తాలు కుట్టలేదు. ఇంకెక్కడైనా కుట్టించుకోమనండి."